ఘటం వెనక టిప్పర్లు

ఆ ఏడు ఎండలు ముదరకముందే మా ఇంట్లో ఒక నిర్ణయం జరిగిపోయింది. ఏప్రిల్‌లో కొత్త క్లాసులు మొదలయ్యే వేళకి మా అమ్మాయి ప్రత్యూష జంగ్లీఘాట్‌లో సరోజిని వదిన ఇంటికి వెళ్ళిపోవాలి. అక్కడే ఉండి, అక్కడి బడిలో చదువుకోవాలి. ఆ మాట అన్నది మా బావ, అంటే నా మొగుడు గోపినాథ్. మేనమామ కొడుకే కాబట్టి పెళ్ళయి ఇన్నేళ్ళయినా నాకు బావ బావే.

తల ఊపింది మాత్రం నేనే. ఊపానే గాని ఆ రోజు నుంచి తిన్నది ఒంటబట్టలేదు. ఒక్కగానొక్క పిల్ల, పదేళ్ళది. నా చెయ్యి మీద తల పెట్టకపోతే దానికి నిద్ర రాదు. నిజం చెప్పాలంటే నాకూ రాదు. అలాంటిదాన్ని చూసుకోవడానికి ఆదివారం ఆదివారం నేను బస్సెక్కి వెళ్ళాలట.

ఇంతకీ కారణం ఏమిటంటే రోడ్డు. మాది ఆస్టినాబాద్‌లో కొండ కింది వీధి. కొండ మీది క్వారీకి దారి మా గుమ్మం ముందు నుంచే. నేను కాపురానికి వచ్చిన కొత్తలో రోజుకి ఏ నాలుగైదు టిప్పర్లో దిగేవి. డ్రైవర్లు కాస్త ఆగి, అత్తను పలకరించి, మంచినీళ్ళు తాగి వెళ్ళేవాళ్ళు. కిందటి వానలు వెనకబట్టగానే కాంట్రాక్టరు గణేశ్వరరావు గారు కొండ అవతలి పక్క కూడా తవ్వడం మొదలుపెట్టారు. రాళ్ళని కంకర కొట్టే క్రషర్ రెండోది వచ్చింది. ఊరు పెరుగుతోంది మరి, ఎటు చూసినా కొత్త రోడ్లు, కొత్త బిల్డింగులు. కంకర లేనిదే ఏదీ లేవదు. మా ప్రహరీ గోడ కూడా ఆ కొండ రాయే, కాదనను. కానీ తలుపు తీస్తే టిప్పరు, తలుపు వేస్తే టిప్పరు అయితే మనిషన్నవాడు ఎలా బతకాలి? ఆరేసిన బట్టలు సాయంత్రానికి పిండిలో పొర్లించినట్టు అయ్యేవి. అబర్డీన్ బజార్‌లో నేను పనిచేసే చీరల కొట్టుకి వెళ్ళే బస్సు మలుపు దగ్గర వాటికి దారి ఇస్తూ ఇస్తూ అక్కడే ఉండిపోయేది. పిల్లలైతే గోడలకి అతుక్కుని, కాలువ గట్టు మీద ఒకరి వెనక ఒకరు నడిచి బడికి పోయేవాళ్ళు.

నాకు ఒళ్ళు మండే సంగతి ఇంకొకటుంది. ఆ టిప్పర్లలో ఒకటి నడిపేది మా బావే.

ఆ విషయం మీద మేం పోట్లాడుకోని రోజు లేదు. పోట్లాడుకున్నాం అంటే నేను పోట్లాడాను, అతను విన్నాడు. మీ బండ్లే కదా అంటే, నేను మెల్లగానే పోతాను అనేవాడు. అందరూ అదే అంటారు, మరి రయ్యిమని పోయేవి దెయ్యాలు నడుపుతున్నాయా అనేదాన్ని. మా బావ నోట్లోంచి మాట రావాలంటే ముహూర్తం పెట్టాలి.

ఫిబ్రవరిలో ఒకనాడు మా అత్త నూకరత్నం చేపలు కొనుక్కుని వస్తూ, వెనక టిప్పరు హారన్ కొడితే పక్కకి తప్పుకోబోయి కాలువలో పడింది. చీలమండ మడతపడి గుమ్మడికాయంత వాచింది. ఆ బండివాడు చూసుకోలేదు కూడా, వెళ్ళిపోయాడు. సాయంత్రం బావ వచ్చి అత్త కాలు చూశాడు. మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత లోపలికి వచ్చి, పిల్లని సరోజినక్క దగ్గర పెడదాం అన్నాడు. అత్త కాలు చూస్తూ నేను కాదని ఎలా అనగలను?

అత్త మంచాన పడేసరికి ఇంకో చిక్కు వచ్చిపడింది. మా తాతల నాడు అనకాపల్లి వైపు నుంచి ఓడెక్కి ఈ దీవికి వచ్చినవాళ్ళం మేం. వస్తూ వస్తూ నూకాలమ్మని కూడా వెంట తెచ్చుకున్నారు పెద్దవాళ్ళు. ఉగాది ముందురోజు, కొత్త అమావాస్యకి పండగ. దానికి ముందు తొమ్మిది రోజులు ఘటం ఇంటింటికీ తిరగాలి. పసుపు పూసిన కుండ, దాని మెడకి వేపమండలు, పైన మూకుట్లో దీపం. దాన్ని మోసేవాళ్ళు చెప్పులు వేసుకోకూడదు. తిరగడం అయ్యేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టకూడదు. రోడ్డు దిగి పక్కకి తప్పుకోకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు. ఘటం రోడ్డు మీద ఉండగా ఏ బండీ దాన్ని దాటి ముందుకి పోకూడదు. ఇవన్నీ ఒక ఎత్తు. ఘటం నెత్తి మీద ఉన్నంతసేపూ నోరు మెదపకూడదన్నది ఒక ఎత్తు.

మా వీధి ఘటం అత్త కొత్తకోడలుగా ఉన్నప్పటి నుంచి ఆవిడే మోసింది. ఇప్పుడు ఇంటి కోడలిగా నేను మోయాలి. రాజకుమారి గంటసేపు నోరు మూసుకుంటుందట అని నన్ను చూసి వీధి వీధంతా నవ్వింది. డప్పు కొట్టే కన్నబాబు అయితే, ఈ ఏడు డబ్బులివ్వక్కర్లేదు, అది చూడ్డానికే వస్తానన్నాడు.

ఘటం తిరిగేది ఎప్పుడూ సాయంత్రాలే. నాకేమో ఉగాది ముందు కొట్లో సాయంత్రాలే గిరాకీ. ఎప్పుడైనా సెలవు అడుగు గాని సాయంత్రం అడక్కు అన్నాడు మా ఓనరు. పైగా పొద్దు గూకేదాకా కడుపు మాడ్చుకుని ఉండడం నా వల్ల కాదు, అదీ నిజమే. అందుకని గుడి చూసుకునే ఎర్రయ్య తాత దగ్గరికి వెళ్ళి, పొద్దున్న తిప్పితే తప్పా అని అడిగాను.

"అమ్మోరికి డ్యూటీ టైమేటమ్మా," అన్నాడు తాత. "పొద్దున్నైతే పొద్దున్నే. ఊరు తిరగాల, అంతే."

అత్త కాస్త గొణిగి ఊరుకుంది. మా అందరి బుర్రలూ ఏమైపోయాయో గాని టిప్పర్ల సంగతి ఒక్కరికీ తట్టలేదు. ఎందుకు తడుతుంది? సాయంత్రం ఘటం బయల్దేరే వేళకి బండ్లన్నీ కొండెక్కి పడుకునేవి. ఇన్నేళ్ళలో ఘటానికీ టిప్పరుకీ ఒక్కసారైనా ఎదురుపడే పని పడలేదు.

మొదటి రోజు పొద్దున్నే తలస్నానం చేసి, పసుపు చీర కట్టుకుని, వీధి పై చివర గుడి దగ్గర ఘటం ఎత్తుకున్నాను. కన్నబాబు డప్పు అందుకున్నాడు. మొదటి ఇళ్ళు బాగానే జరిగాయి. ఆడవాళ్ళు చెంబులతో పసుపునీళ్ళు తెచ్చి నా కాళ్ళ మీద పోసి దణ్ణం పెట్టుకున్నారు. చిట్టిబాబు గారి ఇంటి దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి వినిపించింది, కొండ దిగే టిప్పరు చప్పుడు. తర్వాత హారన్. మళ్ళీ హారన్.

పక్కకి తప్పుకోవడానికి లేదు. వెనక్కి తిరగడానికి లేదు. నోరు విప్పడానికి అసలే లేదు. నా గొంతులోకి ఎన్ని తిట్లు వచ్చాయో ఆ అమ్మవారికే తెలుసు. అన్నీ మింగేసి రోడ్డు మధ్యన నిలబడ్డాను. ఆ చప్పుడు నా వీపు దాకా వచ్చి ఆగింది. ఇంజను ఆగిపోయింది. కాసేపటికి రాంచీ డ్రైవరు ఒకతను చెప్పులు క్యాబిన్‌లోనే వదిలేసి నా ముందుకి వచ్చాడు. చిట్టిబాబు గారి భార్య చేతిలో చెంబు అడిగి తీసుకుని నా కాళ్ళ మీద నీళ్ళు పోశాడు. అతని తాతలు రాంచీ వైపు నుంచి వచ్చినా అతను ఇక్కడ పుట్టి పెరిగినవాడే, ఘటం అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

అతని వెనక ఇంకొకటి వచ్చి ఆగింది. దాని వెనక ఇంకొకటి. కింద నుంచి ఖాళీగా వచ్చేవి బడి మూల దగ్గరే ఆగిపోయాయి. ఇంజన్లన్నీ ఆగాక వీధిలో డప్పు తప్ప ఏమీ వినిపించలేదు. ఆ టైంలోనే సందుల్లోంచి బడి పిల్లలు వచ్చారు. రోజూలాగా గోడ పక్కకి పోబోయి, ఆగి, అటూ ఇటూ చూసి, రోడ్డు మధ్యకి వచ్చేశారు. మా ప్రత్యూష అయితే స్నేహితురాలి మెడ మీద చెయ్యి వేసి, సంచీ ఊపుకుంటూ, నడిరోడ్డున గెంతుతూ పోయింది. నా పక్క నుంచి వెళ్తూ కిసుక్కున నవ్వింది కూడా. అమ్మ నోరు విప్పి తిట్టడానికి లేదని దానికి తెలుసు.

బండ్ల వరసలో నాలుగోది బావది. అతనూ అందరిలాగే చెప్పులు విడిచి వచ్చి, చెంబు తీసుకుని, వంగి నా కాళ్ళ మీద నీళ్ళు పోశాడు. పెళ్ళిలో కూడా నా కాళ్ళు ఇంత శ్రద్ధగా చూసి ఉండడు. నాకు నవ్వు తన్నుకొచ్చింది, పెదవి కొరుక్కున్నాను. అతను మాత్రం నవ్వలేదు. లేచి నిలబడి, చెంబు చేతిలోనే పట్టుకుని పిల్లలు పోయిన వైపు చూస్తూ ఉండిపోయాడు. పిల్ల మూల తిరిగేదాకా చూశాడు. ఆ తర్వాత చెంబు ఇచ్చేసి వెళ్ళిపోయాడు.

మర్నాటికల్లా కబురు వీధి దాటిపోయింది. పై సందుల్లోని తల్లులు పిల్లల్ని ఘటం వేళకే తయారుచేసి పంపడం మొదలుపెట్టారు. బెంగాలీ దీదీలు శంఖం తెచ్చి ఊదారు. పక్కింటి తమిళావిడ గుమ్మం ముందు మొదలుపెట్టిన ముగ్గు నడిరోడ్డు దాకా వేసింది, టిప్పరు తొక్కేస్తుందన్న భయం లేకుండా. అందరూ మెచ్చుకున్నారని చెప్పను. ఆఫీసుకి లేటవుతోందని స్కూటరు మీద ఒకాయన నా మొహం మీదే నానా మాటలూ అన్నాడు. ఆయనకి ఇవ్వాల్సిన జవాబులన్నీ దాచుకుని దాచుకుని, ఘటం దించాక ఇంట్లో అత్తకి వినిపించాను. పాపం ఆవిడ కాలికి కాపడం పెట్టుకుంటూ అన్నీ విన్నది.

ఒకరోజు గణేశ్వరరావు గారి కారు కూడా ఘటం వెనక ఇరుక్కుంది. ఆయన భక్తి గల మనిషి. ప్రతి ఏడూ అమ్మవారికి పట్టుచీర ఆయనదే. కారు దిగి, బూట్లు విప్పి, ఎండలో నడిచి వచ్చి నీళ్ళు పోశారు. ఆ ఆదివారం మా ఇంటికి వచ్చారు. మజ్జిగ ఇస్తే తాగి, అత్త కాలి గురించి అడిగి, అప్పుడు మెల్లగా అసలు మాట ఎత్తారు.

"నూకరత్నం గారూ, ఘటం ఎప్పట్లాగా సాయంత్రం తిప్పితే బాగుంటుందేమో."

"నాదేటుంది బాబూ, మోసేది కోడలు," అంది అత్త. "దానికి కొట్లో డ్యూటీ."

నేనే ముందుకి వచ్చి అడిగాను, పండగ అయ్యాక కూడా బడి వేళకి బండ్లు ఆపించండి, పొద్దున్న ఒక్క గంట చాలు అని. ఆయన కోప్పడలేదు. వానలు పడితే కొండ మీద పని నిలిచిపోతుందనీ, ఈలోపే కంకరంతా దించాలనీ, పైవాళ్ళ నుంచి రోజూ ఫోన్లనీ చెప్పి, చివరికి చూద్దాం అన్నారు. చూద్దాం అన్న మాట నాకు కొత్త కాదు. కొట్లో చీరలన్నీ విప్పించి, కొనకుండా లేచిపోయేవాళ్ళు అనే మాట అది.

అంతసేపూ బావ గోడకి ఆనుకుని నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. కారు వెళ్ళగానే విరుచుకుపడ్డాను.

"ఒక్క మాటైనా అనలేకపోయావా బావా? అది నీ పిల్ల కాదా?"

"అంటే ఏటవుద్ది రాజీ. నన్ను తీసేస్తారు, బండి ఇంకొకడు నడుపుతాడు. వాడు ఆగడు," అన్నాడు.

అని పెరట్లోకి పోయి మొహం కడుక్కున్నాడు. ఆ రోజు నేను అతనితో మళ్ళీ మాట్లాడలేదు. అతను గమనించాడో లేదో కూడా తెలియదు.

అమావాస్య వచ్చింది, పండగ అయింది. ఘటం గుడికి చేరింది. అదే సాయంత్రం సరోజిని వదిన ఫోన్ చేసింది. ఆవిడ ఇద్దరు కొడుకులూ ఓడల మీద పనిచేస్తారు, ఇంట్లో ఒక్కతే ఉంటుంది. వచ్చే ఆదివారం తనే వచ్చి పిల్లని తీసుకెళ్తానంది. బీరువాలో ఒక అర ఖాళీ చేశానని సంబరంగా చెప్పింది. నేను ఊ కొట్టి, వంటింట్లోకి పోయి ఉల్లిపాయలు తరిగాను. కూరకి కావలసిన దానికన్నా చాలా ఎక్కువే తరిగాను.

ఉగాది వెళ్ళిన మర్నాడు చీకటితోనే బావ లేచి వెళ్ళిపోయాడు. మామూలుగా తెల్లవారి టిఫిన్ చేసి గాని కదలడు. పండగ రోజుల్లో పోయిన ట్రిప్పులన్నీ ఇప్పుడు కలిపి లాగుదామనుకుంటున్నాడని నాకు మండిపోయింది. పిల్ల ఇంట్లో ఉండేది ఇంకో వారం, ఆ వారం కూడా బండే ముఖ్యమా? నీ కొడుక్కి ట్రిప్పుల పిచ్చి పట్టిందత్తా అన్నాను.

బడి వేళకి ప్రత్యూష చెయ్యి గట్టిగా పట్టుకుని, గోడ వైపు దాన్ని పెట్టుకుని రోడ్డెక్కాను. వీధి ఖాళీగా ఉంది. కొండ మీంచి చప్పుడు లేదు. పిల్లలు రోడ్డు మీద మాట్లాడుకుంటూ పోతున్నారు. ఇవాళ క్వారీకి సెలవేమో అనుకున్నాను. పిల్లని స్నేహితులతో పంపి, మనసాగక మలుపు దాకా ఎక్కి చూశాను.

బండ్లన్నీ అక్కడే ఉన్నాయి. కంకర నింపుకుని, ఒకదాని వెనక ఒకటి, ఇంజన్లు కట్టేసి. వరసలో అన్నిటికన్నా ముందున్నది మా బావ బండి. బావ పక్కన కల్వర్టు గోడ మీద కూర్చుని ఉన్నాడు. వెనక ఎవడో హారన్ కొట్టాడు. బావ తల కూడా తిప్పలేదు.

రాంచీ డ్రైవరు నన్ను చూసి కిందకి దిగాడు. "గోపీ భయ్యా అంధేరే మే హీ ఆగయా దీదీ. సబ్‌సే పహలా లోడ్ ఉస్‌కా," అన్నాడు.

చీకటితోనే వచ్చాడట, మొదటి లోడు అతనిదేనట. అప్పటికి నాకు అర్థమైంది. క్రషర్ దగ్గర ముందు వచ్చిన బండికే ముందు లోడు. ముందు నిండినదే ముందు దిగుతుంది. బడి మూల దాటేదాకా ఆ రోడ్డు మీద ఒక బండిని ఇంకొకటి దాటే చోటు లేదు. ముందున్నది ఆగితే అన్నీ ఆగాల్సిందే. అందుకే అతను చీకటితో లేచాడు. నేనేమో పొద్దున్నుంచీ అతన్ని ట్రిప్పుల పిచ్చోడని తిట్టుకుంటున్నాను. నాకు ఒక్కసారిగా ఏడుపు వచ్చింది. దాన్ని కోపంలా చేసుకుని దగ్గరికి వెళ్ళాను.

"ఎవరు ఆపమన్నారు బావా?"

"ఎవరూ అనలేదు."

"కాంట్రాక్టరు ఫోన్ చేస్తే?"

"చేశాడు. టైరు చూసుకుంటన్నానని చెప్పాను." కాసేపు ఆలోచించి, "రేపు ఇంకేదో చెప్తాను," అన్నాడు.

కింద బడి గంట మోగింది. అతను లేచి లుంగీ దులుపుకుని క్యాబిన్ ఎక్కాడు. బండి కదిలింది, దాని వెనక అన్నీ కదిలాయి. మెల్లగానే పోయాయి.

ఆ వారమంతా అలాగే జరిగింది. రెండో రోజు వెనకవాళ్ళు కాస్త గొడవ చేశారట. మూడో రోజుకి ఒక్కొక్కరూ టీ ఫ్లాస్కులు తెచ్చుకున్నారు. గణేశ్వరరావు గారు ఒకరోజు కారులో ఆ మలుపు దగ్గరికి వచ్చి అద్దం దించి, బండ్ల వరసని చూశారు. కింద పిల్లల్ని చూశారు. అద్దం ఎత్తేసి వెళ్ళిపోయారు. అవునననూ లేదు, కాదననూ లేదు. ఫోన్లు మాత్రం తగ్గాయి.

ఆదివారం సరోజిని వదిన వచ్చింది. పిల్లకి కొత్త గౌను, మాకు జిలేబీలు తెచ్చింది. అత్త కుంటుకుంటూనే చేపల పులుసు చేసింది. తిన్నంతసేపూ అందరం ఓడల గురించి, ఎండల గురించి మాట్లాడాం గాని అసలు మాట ఎవరూ ఎత్తలేదు. చేతులు కడుక్కున్నాక వదినే అడిగింది, పిల్ల బట్టలు సర్దేశావా రాజీ అని. నేను బావ మొహం చూశాను.

"పిల్ల ఇక్కడే ఉంటది అక్కా," అన్నాడు బావ.

వదిన చెయ్యి తుడుచుకుంటున్న తువ్వాలు పక్కన పెట్టింది. "మరి ఆ బండ్లో? ఈ వారం ఆపినావు, బాగుంది. రేపు?"

"ముందు బండి నాదే అక్కా."

"రోజూనా?"

"రోజూ."

వదిన తమ్ముడి మొహం కేసి అలా చూస్తూనే ఉండిపోయింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఖాళీ చేసిన అర గుర్తొచ్చిందేమో. నావి ఎప్పుడో కారిపోతున్నాయి, దాచుకోవాలని కూడా అనిపించలేదు. అత్త జోక్యం చేసుకుని, ఆదివారాలు నువ్వే రా, నీకు మాత్రం ఎవరున్నారక్కడ అని కూతుర్ని కసిరింది. ఇంతలో ప్రత్యూష కొత్త గౌను వేసుకుని వచ్చి, సరోజినత్తా బాగుందా అంటూ గిర్రున తిరిగింది. దాన్ని ఎక్కడ ఉంచాలో మేమంతా ఇన్నాళ్ళు తలలు బద్దలు కొట్టుకున్నామని దానికి పట్టినట్టే లేదు.

సాయంత్రం బస్సుకి వదినని ఎక్కించి వచ్చాం. మర్నాడు కూడా బావ చీకటితోనే లేచాడు. అతని కన్నా ముందు నేను లేచి, ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టాను.